పదకొండు పాటలు, ఒకటే పేరు

2009లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను అమెరికాలో, ఇల్లినాయ్‌లోని అరోరాలో, మా ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డింగ్ స్టూడియో పెట్టుకుని ఆరేళ్ళయింది. స్టూడియో అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. ఒక పక్క ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్, ఇంకో పక్క వాషింగ్ మెషిన్, మధ్యలో గోడలకి దుప్పట్లు వేలాడదీసిన గది. కింద రికార్డింగ్ జరుగుతుంటే పైన ఎవరూ కుళాయి తిప్పకూడదని మా ఇంట్లో రూలు. చుట్టుపక్కల తెలుగువాళ్ళ డాన్స్ ప్రోగ్రాములు, గుడిలో భజనలు, పిల్లల సంగీతం పోటీలు, ఇవీ నా పనులు. స్టూడియోకి రాలేనివాళ్ళకి డిజిటల్ మల్టీట్రాక్ రికార్డర్ అద్దెకిచ్చేదాన్ని కూడా.

ఆ పెట్టె గురించి రెండు ముక్కలు చెప్పాలి. ట్రాక్ అంటే ఒక గొంతుకో, ఒక వాయిద్యానికో విడిగా ఇచ్చిన వరుస. నాది పదహారు ట్రాక్‌ల మెషిన్, లోపల నలభై గిగాబైట్ల హార్డ్ డిస్క్. ఒకసారి పాడితే అది ఒక టేక్. నచ్చక మళ్ళీ పాడితే పాత టేక్ ఎక్కడికీ పోదు, వెనకాల దాక్కుని ఉంటుంది. పైకి మూడు నిమిషాల పాట కనబడుతుంది, దాని అడుగున అరగంట పాత టేకులు పేరుకుని ఉంటాయి. అందుకని ఈ మెషిన్‌తో పనంటే సగం సంగీతం, సగం ఇల్లు సర్దుకోవడం. సంగీతం అందరికీ ఇష్టమే. సర్దుడు దగ్గరికి వచ్చేసరికి ఒక్కరికీ ఒళ్ళు వంగదు. నాతో సహా, అది తర్వాత చెబుతాను.

మార్చి నెలలో ఒక శుక్రవారం సుభద్ర గారు ఫోన్ చేశారు. మా వైపు తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో ఆవిడ తెలియనివాళ్ళు లేరు. పెళ్ళి కుదిరితే ముందు హాలు బుక్ చేసుకునేవారు, తర్వాత సుభద్ర గారిని. తలుపు దగ్గర పాట, బంతులాట పాట, అలక పాట, అప్పగింతల పాట, మంగళహారతి, అన్నీ వచ్చు ఆవిడకి. చిన్నప్పుడు మేనత్త దగ్గర నేర్చుకున్నవి. ఏ పుస్తకంలోనూ లేవు, ఆవిడ కూడా ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అన్నిటికన్నా పేరున్నది వియ్యపురాలి పాట. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చున్నాక పెళ్ళికొడుకు తల్లిని ఎగతాళి చేస్తూ పాడతారు. ఆ పాటకి నవ్వని వియ్యపురాలిని నేను చూడలేదు. ఒకావిడ నవ్వలేక నవ్వలేక పులిహోర గొంతుకడ్డం పడి నీళ్ళ కోసం చేతులూపింది.

"శైలజా, నీ పెట్టె ఒకటి ఇంటికి పంపిస్తావా అమ్మా?" అన్నారు సుభద్ర గారు. గొంతు బొంగురుగా ఉంది.

"జలుబా అండీ?"

"జలుబైతే బాగుణ్ణు. స్వరపేటిక మీద ఏదో గడ్డ ఉందిట. వచ్చే గురువారం సర్జరీ. గొంతు మళ్ళీ ఇదివరకటిలా వస్తుందని చెప్పలేమంటున్నారు డాక్టర్లు. పొద్దున్న ఒక గంట మాత్రం బాగానే పలుకుతోంది. ఆ గంటలో పాడి పెట్టేసుకుందామని. పదకొండు పాటలున్నాయి."

గురువారానికి ఆరు రోజులుంది. ఆ సాయంత్రమే మెషిన్ కారులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసింది ప్రభాకరం గారు, సుభద్ర గారి భర్త. ఆయన ఒక పెద్ద కంపెనీలో డేటా స్టోరేజ్ చూసే ఆర్కిటెక్ట్. మనిషి మంచివాడే. కాకపోతే తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నేను మైకు బిగించి, ఏ బటన్ ఎందుకో చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇదంతా నాకు చెప్పక్కర్లేదమ్మా. ఆఫీసులో వందల టెరాబైట్లు మేనేజ్ చేస్తా. ఈ నలభై గిగాబైట్లు నాకో లెక్కా?"

"లెక్కేం కాదండీ. కానీ దీని పద్ధతి వేరు. ఒక గొంతు, ఒక శ్రుతిపెట్టె, అంతే కదా. ఒకటో ట్రాక్, రెండో ట్రాక్ మాత్రమే ఆన్ చేయండి. పాట అవగానే ఆపేయండి. ఏదైనా డిలీట్ చేయాల్సి వస్తే నాకు ఫోన్ చేయండి, మీరు చేయకండి."

"ఓకే, ఓకే. ఐ గాట్ ఇట్."

ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మెషిన్ పక్కన పెట్టి మరీ వచ్చాను. బుధవారం నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆ కాగితం మీద కాఫీ గ్లాసు మరకలు అయిదున్నాయి. కాగితాన్ని బాగానే వాడుకున్నారు, చదవడానికి తప్ప.

శని, ఆది, సోమ, మూడు రోజులూ నిశ్శబ్దం. ఫోన్ రాలేదంటే అంతా సవ్యంగా ఉందనుకున్నాను. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా అలా అనుకోవడం నా బుద్ధి తక్కువ. ఈ వృత్తిలో ఫోన్ రాకపోతేనే భయపడాలి.

మంగళవారం మధ్యాహ్నం ప్రభాకరం గారు ఫోన్ చేశారు, చాలా హుషారుగా.

"శైలజా, పొద్దున్న నీ మెషిన్ డిస్క్ ఫుల్ అంది. వర్రీ అవకు, నేను క్లియర్ చేసేశాను."

"ఏం క్లియర్ చేశారండీ?"

"డూప్లికేట్లు. ఒక్కో ఫైలుకి పది కాపీలు చేసి పెట్టింది మీ మెషిన్. వెరీ పూర్ డిజైన్. ఇప్పుడు బోల్డంత స్పేస్ వచ్చింది."

"పాటలు ఉన్నాయా? విన్నారా?"

"ఉన్నాయి, ఉన్నాయి. లిస్టులో చూశా కదా" అని పెట్టేశారు. నేను అప్పుడే పరిగెత్తాల్సింది. ఒక డాన్స్ టీచరు మిక్సింగ్ కోసం ఎదురుగా కూర్చుని ఉందని పరిగెత్తలేదు.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి సుభద్ర గారి ఫోన్. "శైలజా, అలక పాటలో ఒక చరణం మళ్ళీ పాడదామని చూస్తే అలక పాటే లేదమ్మా. మంగళహారతి ఒక్కటే ఉంది. మిగతావి ఏమయ్యాయి?"

"మెషిన్ ముట్టుకోకండి! ఏమీ రికార్డు చేయకండి! ఆయన్ని ప్లగ్ పీకేయమనండి... కాదు, కాదు, పీకొద్దు, పీకితే ఇంకా కొంప మునుగుతుంది. షట్‌డౌన్ బటన్ నొక్కి, ఆరిపోయాక అందరూ ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి!" అని అరిచాను. ఇంట్లో బాంబు దొరికితే కూడా మనిషి అలా అరవదేమో.

వెళ్ళి చూస్తే జరిగింది ఇది.

సుభద్ర గారికి ఏ కాగితం మీద ఏం రాసినా పైన శ్రీరామ అని రాయనిదే చెయ్యి కదలదు. కిరాణా కొట్టు లిస్టు మీద కూడా శ్రీరామ, దాని కింద కందిపప్పు. మెషిన్‌లో ప్రతి పాటకీ పేరు పెట్టాలి కదా, అక్షరాల చక్రం ఒక్కొక్కటే తిప్పుకుంటూ ఆవిడ ఓపిగ్గా శ్రీరామ అలక, శ్రీరామ బంతులాట, శ్రీరామ వియ్యపురాలు అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నారు. మెషిన్‌కి ఉన్నదేమో అగ్గిపెట్టెంత తెర. లిస్టులో పేరు మొదటి ఏడెనిమిది అక్షరాలే కనబడతాయి. మిగతాది చూడాలంటే ఆ పేరు మీదికి వెళ్ళి చక్రం తిప్పాలి. ప్రభాకరం గారు తిప్పలేదు. ఆయనకి కనబడింది వరుసగా పదకొండు శ్రీరామలు. చిట్టచివర పాడిన మంగళహారతి ఒక్కటీ ఉంచి, పైనున్న పదీ తీసేశారు.

"పదకొండు ఫైళ్ళు ఒకే పేరుతో ఉంటే ఏమంటారు? మా ఫీల్డ్‌లో డూప్లికేషన్ అంటారు" అన్నారు ఆయన, ఇంకా బింకం తగ్గకుండా.

"మా ఫీల్డ్‌లో కొంప ముంచడం అంటారండీ. ఒక్కటైనా ప్లే చేసి వినొచ్చు కదా!"

"పేరు ఒకటే కదా అని..."

"పేరు ఒకటైతే మనిషి ఒకడేనా? మన గుళ్ళో ఎంతమంది శ్రీనివాసులున్నారు! ఒకణ్ణి ఉంచి మిగతావాళ్ళని బయటికి పంపించేస్తామా?"

పెద్దాయన్ని పట్టుకుని అలా అనకూడదు. ఒళ్ళు మండిపోయి అనేశాను. ఆయన ముఖం అప్పుడు పాలిపోయింది. అప్పటిదాకా ఏం జరిగిందో ఆయనకి పూర్తిగా ఎక్కలేదని నాకు తెలిసింది.

డిస్క్ ఎలా నిండిందా అని చూశాను. ఆయన పదహారు ట్రాక్‌లూ ఆన్ చేసి పెట్టారు. ఎందుకండీ అంటే, "ఉన్నవన్నీ వాడుకుంటే క్వాలిటీ పెరుగుతుంది కదా అని" అన్నారు. ఆవిడ గొంతుకి ఒకటి, శ్రుతిపెట్టెకి ఒకటి, కావలసినవి రెండే ట్రాక్‌లు. మిగతా పధ్నాలుగు ట్రాక్‌ల మీద శుద్ధ శూన్యం రికార్డయింది. డిస్క్‌కి పాటకీ శూన్యానికీ తేడా తెలియదు, రెండింటికీ ఒకటే చోటు పడుతుంది. పైగా పాటకీ పాటకీ మధ్య ఆపకుండా వదిలేశారు. ఒక చోట ఆవిడ వేణ్ణీళ్ళు తాగి వచ్చేదాకా ఎనిమిది నిమిషాల మౌనం, పదహారు వరుసల్లో.

సుభద్ర గారు సోఫాలో కూర్చుని ఇదంతా వింటున్నారు. నాలుగు రోజులు పాడేసరికి గొంతు బాగా వాచిపోయింది. డాక్టరు ఫోన్‌లో గట్టిగా కోప్పడి, సర్జరీ అయ్యేదాకా పాటే పాడవద్దన్నారట. పోయినవి మళ్ళీ పాడుకునే దారి లేదు. ఆవిడ నెమ్మదిగా, గుసగుసగా అడిగారు.

"మావి పదకొండు పాటలే కదమ్మా. నలభై ఉందన్నావు. అసలు అంత తొందరగా ఎలా నిండిపోయింది?"

నాకు జవాబు తెలుసు. ఆ నలభైలో ముప్పై మూడు గిగాబైట్లు అంతకు ముందు నెలల్లో నేను చేసిన మూడు డాన్స్ ప్రోగ్రాములు. బ్యాకప్, అంటే ఇంకో చోట ఒక కాపీ, తీసుకుని వాటిని చెరిపేసి మెషిన్ ఇవ్వాలి. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ అలాగే ఉంచేశాను. ఖాళీ బిందె ఇస్తున్నానని చెప్పి మూడొంతులు నిండిన బిందె చేతిలో పెట్టాను.

"నా పాత రికార్డింగులు అందులోనే ఉన్నాయండీ. తీయకుండా ఇచ్చాను. తప్పు నాది కూడా" అన్నాను.

"అవి నేను చూశా" అన్నారు ప్రభాకరం గారు చిన్న గొంతుతో. "మూడు పెద్ద పెద్ద ఫైళ్ళు. పరాయివాళ్ళవి కదా, ముట్టుకోకూడదని వదిలేశా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరాయివాళ్ళ వస్తువు ముట్టుకోకూడదన్న మర్యాదతో ఎవరికీ అక్కర్లేని డాన్స్ ప్రోగ్రాములు పువ్వుల్లో పెట్టి భద్రంగా ఉంచి, ఇంటావిడ పాటలు తీసేశాడు ఆ మహానుభావుడు. ఇది మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.

గురువారం సర్జరీ జరిగింది. గడ్డలో చెడు ఏమీ లేదని కొన్నాళ్ళకి రిపోర్టు వచ్చింది, అంతవరకూ దేవుడి దయ. రెండు వారాలు పెదవి విప్పకూడదు, గుసగుస కూడా పనికిరాదు అన్నారు.

ఈలోగా నేను డిస్క్ విప్పి నా కంప్యూటర్‌కి తగిలించాను. ఈ వృత్తిలో బతికించే విషయం ఒకటుంది. డిలీట్ అంటే నిజంగా చెరిపేయడం కాదు. విషయసూచికలో పేరు కొట్టేసి, ఆ పేజీలు ఖాళీ అని మెషిన్ తనకు తాను చెప్పుకుంటుంది. ఆ పేజీల మీద కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. కాబట్టి మొదట డిస్క్ మొత్తానికి ఉన్నదున్నట్టు ఒక నకలు తీయాలి, దాన్ని ఇమేజ్ అంటారు. అసలుది పక్కన పెట్టి నకలు మీద వెతుక్కోవాలి. వెతికితే నాకు నాలుగు వందల పైచిలుకు ముక్కలు దొరికాయి. పేర్లు లేవు, అన్నీ నెంబర్లే. అందులో ఎక్కువ భాగం ప్రభాకరం గారు క్వాలిటీ కోసం రికార్డు చేసిన శూన్యం. ఏ ముక్కలో పాట ఉందో తెలియదు కనుక అన్నీ విప్పి చూడాల్సిందే. వారం రోజులు చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఏమీ లేకపోవడాన్ని విన్నాను. ఆ వారం మా ఇంట్లో నాతో మాట్లాడటానికి అందరూ భయపడ్డారు.

చివరికి గొంతు ఉన్న ముక్కలు ఎనభై దాకా తేలాయి. ఏది ఏ పాటలో ఏ చరణమో నాకెలా తెలుస్తుంది? సుభద్ర గారికి కబురు పెట్టాను. ప్రభాకరం గారు ఆవిడని కారులో తీసుకొచ్చారు. ఆవిడ చేతిలో పిల్లలు గీసి చెరుపుకునే అయస్కాంతం పలక. తన దగ్గర పాట నేర్చుకునే పిల్లదెవరో ఇచ్చిందట. నేను ముక్క వినిపించడం, ఆవిడ పలక మీద రాయడం. "అలక, మూడో చరణం." "తలుపు, మొదలు." "ఇది బాగోలేదు, ఇంకొకటి ఉండాలి." బొటనవేలితో మీట జరిపి చెరిపేసి మళ్ళీ రాయడం. ప్రభాకరం గారు వెనక స్టూలు మీద కూర్చుని, దోషిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

మూడు పూటలు పట్టింది. తీసేసిన పదిలో ఎనిమిది పాటలు పూర్తిగా కుదిరాయి. బంతులాట పాటలో రెండు చరణాలు దొరకలేదు. ఇంక మిగిలింది వియ్యపురాలి పాట. దాని మొదటి పంక్తి ఒక ముక్కలో దొరికింది. గొంతు ఎంత చిలిపిగా ఉందో, నాకే నవ్వొచ్చింది. దాని తర్వాతి ముక్క ప్లే చేశాను.

"హలో. హలో. మైక్ టెస్టింగ్. వన్, టూ, త్రీ. వన్, టూ, త్రీ."

ప్రభాకరం గారి గొంతు.

ఇంకో ముక్క. "వన్, టూ, త్రీ. సుభద్రా, ఇప్పుడు స్పేస్ బాగానే ఉన్నట్టుంది." ఇంకోటి. మళ్ళీ వన్, టూ, త్రీ. మంగళవారం డిలీట్ చేశాక, చోటు వచ్చిందో లేదో చూద్దామని ఆయన పదహారు ట్రాక్‌లూ పెట్టి ఇరవై నిమిషాలు టెస్టింగ్ చేశారు. ఆ టెస్టింగ్ సరిగ్గా వియ్యపురాలి పాట ఉన్న చోట కూర్చుంది. కింద ఉన్నది ఇక ఎవరికీ దొరకదు. అది ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు.

నేను హెడ్‌ఫోన్స్ తీసేశాను. "ఇది పోయిందండీ" అన్నాను.

సుభద్ర గారు పలక మీద రాసి, నాకు కాదు, వెనక్కి తిరిగి భర్తకి చూపించారు. "ముప్పై రెండేళ్ళలో నా పాట ఒక్కసారైనా విన్నారా మీరు? వింటే అన్నీ ఒకటే అనుకుంటారా?"

ఆయన ముఖం జేవురించింది. "విన్లేదా? నేను విన్లేదా? ప్రతి పెళ్ళికీ నిన్ను తీసుకెళ్ళిందెవరు? బంతి చివర్న కూర్చున్నదెవరు? మొత్తం వచ్చు నాకు!"

ఆవిడ పలక చెరిపేసి ఒకటే మాట రాశారు. "పాడండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. నేను ఒక్కటంటే ఒక్క ట్రాక్ ఆన్ చేసి, ఎర్ర బటన్ నొక్కాను. ఆశ పెట్టుకుని కాదు. దీన్ని గైడ్ ట్రాక్ అంటారు. అసలు పాడేవాళ్ళకి దారి తెలియడానికి ముందు ఎవరో ఒకరు కచ్చాగా పాడి పెట్టేది. అసలు పాట రికార్డయ్యాక దాన్ని చెరిపేస్తాం.

అయ్యో రామ, ఆ పాటని ఏమనాలి! శ్రుతి లేదు, గొంతు అంతకన్నా లేదు. అరవయ్యేళ్ళ మగవాడు మా వాషింగ్ మెషిన్ పక్కన కూర్చుని, లేని వియ్యపురాలిని ఆవిడ జడ సంగతీ, నడక సంగతీ ఎత్తి వెక్కిరిస్తున్నాడు. కానీ మాటలు! ఒక్క మాట తప్పలేదు. ఎక్కడ ఆగి ఓరగా చూడాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, అన్నీ ఉన్నాయి. రాగం పక్కకి పోయినప్పుడల్లా సుభద్ర గారు అరచేత్తో బల్ల మీద ఠప్పున చరిచేవారు. ఆయన ఆగి, ఆ చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ పాడేవారు. వేలితో గాలిలో పైకి అంటే పైకి, కిందికి అంటే కిందికి. ఒక చోట నాలుగుసార్లు చరిచారు. అయిదోసారికి కుదిరింది. పాట అయిపోయాక ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న నా కోపంలో సగం పోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నెల తర్వాత సుభద్ర గారి దగ్గర నేర్చుకునే మేఘన, ఇంకో ముగ్గురు అమ్మాయిలు మా బేస్‌మెంట్‌కి వచ్చారు, ఆ పాట పాడటానికి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు. గైడ్ ట్రాక్ పెట్టి వినిపించాను.

"ఓ మై గాడ్, ఇది అంకుల్ పాడింది?" అంది మేఘన. "సో ఫన్నీ! ఆంటీ, వియ్యపురాలు అంటే హూ ఎగ్జాక్ట్‌లీ?"

"నీకు పెళ్ళైతే నీ అత్తగారు మీ అమ్మకి ఏమవుతుందో అది" అన్నాను.

"ఓ. అయితే ఐ వాంట్ టు లెర్న్ దిస్."

సుభద్ర గారు పక్కనే కూర్చుని చేతుల్తో చెబుతుంటే పిల్లలు రెండు పూటల్లో నేర్చేసుకున్నారు. గొంతులు తేనెలా ఉన్నాయి. ళ పలకాల్సిన చోట ల పలుకుతున్నారు, అది మాత్రం సుభద్ర గారు కూడా మార్చలేకపోయారు. రికార్డింగ్ బాగా వచ్చింది. అప్పటికి ఆవిడకి కొద్దికొద్దిగా మాట్లాడొచ్చని డాక్టరు చెప్పారట. కానీ ఎవరిముందూ నోరు విప్పడం లేదు. కొత్త గొంతు ఎలా ఉందో ఎవరూ వినడం ఆవిడకి ఇష్టం లేదని ప్రభాకరం గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు.

పిల్లలు వెళ్ళిపోయాక, పెద్దవాళ్ళిద్దరూ ఇంకా అక్కడ ఉండగానే, అలవాటు ప్రకారం సర్దుడు మొదలుపెట్టాను. ఆ దెబ్బతో నాకు బుద్ధొచ్చింది కదా, ఇక ఒక్క పనికిరాని ఫైలు కూడా డిస్క్ మీద ఉండనివ్వకూడదని పట్టుదల. పాడైన టేకులు తీసేశాను. దగ్గులు తీసేశాను. గైడ్ ట్రాక్ దగ్గరికొచ్చి డిలీట్ మీద వేలు పెట్టాను. మెషిన్ అడిగింది, ఖాయమేనా అని. అవును నొక్కబోతున్నాను.

"ఉంచు."

ఎవరు అన్నారా అని తిరిగి చూశాను. ప్రభాకరం గారు కాదు. పాత తలుపు కిర్రుమన్నట్టుంది ఆ గొంతు. పెళ్ళి హాళ్ళలో మైకు లేకుండా చివరి వరుసదాకా వినబడిన గొంతు అదేనంటే నేను నమ్మలేకపోయాను. సుభద్ర గారు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. "అది ఉంచమ్మా" అన్నారు మళ్ళీ, కష్టపడి.

ఇది కచ్చాదండీ, శ్రుతి లేదు, మంచిది వచ్చేసింది కదా అనబోయి, ఎందుకో ప్లే చేశాను. మొదటినుంచి చివరిదాకా విన్నాను. నేను రికార్డు చేశాను, పిల్లలకి వినిపించాను కానీ, నిజానికి అప్పటిదాకా దాన్ని ఒక్కసారి కూడా చెవి పెట్టి వినలేదు. ఆయన బొంగురు పాట. మధ్యమధ్యలో ఠప్పుమని ఆవిడ అరచెయ్యి. డిస్క్‌లో దొరికిన ఆ ఒక్క పంక్తి పోను, ఆ పాటలో ఆవిడ ఇక ఎక్కడా లేరు, ఆ చరుపుల్లో తప్ప. పిల్లలు పాడినదానిలో కూడా లేరు. వినకుండా తీసేశారని ఆయన మీద అంత ఎగిరిపడిన దాన్ని, ఇన్నేళ్ళు ఇదే పనిలో ఉన్నదాన్ని, నేను వినకుండా తీసేయబోయింది సరిగ్గా దాన్నే.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మెషిన్లు మారాయి, డిస్కులు పెద్దవయ్యాయి, అద్దెకిచ్చే ముందు ఖాళీ చేయడం కూడా నేర్చుకున్నాను. కానీ ఏదైనా చెరపాల్సి వస్తే మాత్రం దాన్ని పాడినవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా ప్లే చేస్తాను. గంటలు గంటలు పడుతుంది. ఎందుకంత చాదస్తం, ఆ పాత టేకులన్నీ మళ్ళీ ఎవరు వింటారు అని అందరూ విసుక్కుంటారు. విసుక్కోనీ. నేను వింటాను.